ఆకాశంలో వింత వెలుగు కనిపించిందంటే విచారణ ఎలా చేయాలి? మనిషి చేసిన మోసాన్ని ఎలా పట్టుకోవాలి?

"సార్, నిన్న రాత్రి మా ఊరి మీద యూఎఫ్‌ఓ తిరిగింది. వీడియో పంపిస్తున్నా. నిజమా, ఫేకా?"

మహారాష్ట్ర సరిహద్దులోని బల్లార్‌పూర్ నుంచి, రాజురా నుంచి, అటు ప్రాణహిత ఒడ్డున సిరొంచ నుంచి తెలుగువాళ్లు నాకు చేసే ఫోన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. యూఎఫ్‌ఓ అంటే ఏమిటో గుర్తు తెలియని ఎగిరే వస్తువు. పది సెకన్ల వీడియో చూసి నిజమో ఫేకో తేల్చడం నావల్ల కాదు. తేలుస్తామని చెప్పేవాళ్లను నేను నమ్మను కూడా. తేల్చడానికి ఒక వరస ఉంది. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను.

వరస ఇది: ముందు మనిషి, తర్వాత ఆకాశం, తర్వాత ఫైలు. మోసం సంగతి అన్నిటికన్నా చివర. చాలామంది దీన్ని తిరగేస్తారు. "ఎవడో ఆట పట్టిస్తున్నాడు" అనుకుంటూనే ఊళ్లోకి వెళ్తారు, సాక్షి ఆ ముఖం చూడగానే నోరు మూసుకుంటాడు.

## 1. మొదట మాటలు విడదీసుకోండి

"మోసం" అనే ఒక్క మాటలో ఐదు వేరు వేరు పనులు కలిసిపోతున్నాయి. నోట్‌బుక్ మొదటి పేజీలో వీటిని రాసుకోండి.

- పొరపాటు: వేగుచుక్కను చూసి డ్రోన్ అనుకోవడం. ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు.
- అతిశయం: చూసింది నిజమే, చెప్పేటప్పుడు నాలుగు మాటలు కలిశాయి.
- చిలిపి పని: పిల్లలో కుర్రాళ్లో సరదాకు చేసింది.
- డబ్బు కోసం లేదా పేరు కోసం చేసిన మోసం.
- ప్రభుత్వ యంత్రాంగం ఏదో దాచడం కోసం చెప్పిన సాకు.

ఒకే ఘటనలో రెండు మూడు కలిసి రావచ్చు. సాక్షి పొరపాటు పడతాడు, వీడియో ఛానెల్ దానికి పాత క్లిప్పు అతికిస్తుంది, మూడో రోజున ఎవడో తాయెత్తు అమ్ముతాడు. ఈ మూడింటినీ విడివిడిగా విచారించాలి. మూడోవాడు దొంగ అయినంత మాత్రాన మొదటివాడు అబద్ధాలకోరు కాడు.

2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి మధ్య లద్దాఖ్ సరిహద్దులో మన సైనికులు వింత వెలుగులను 329 సార్లు నమోదు చేశారు. చైనా డ్రోన్లేమోనని అనుమానం. చివరికి భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి, అవి గురుడు, శుక్రుడు అని తేల్చారు. రాత్రీ పగలూ కాపలా కాయడమే పనిగా ఉన్నవాళ్లకే అలా అనిపించింది. పత్తి చేలో నిలబడ్డ రైతును తప్పుపట్టడానికి మనమెవరం?

## 2. బయల్దేరే ముందు

సంచిలో ఉండాల్సినవి:

- తెల్లకాగితాలు, పెన్సిళ్లు (సాక్షి చేత బొమ్మ గీయించడానికి)
- దిక్సూచి. ఫోన్‌లోది సరిపోతుంది, కానీ బైకు పక్కన, ఇనుప గేటు పక్కన పెట్టి చూస్తే తప్పు చూపిస్తుంది
- స్టెల్లేరియం లాంటి నక్షత్రపటం యాప్, విమానాల జాడ చూపే యాప్
- సాక్షి ఒప్పుకుంటే వాడటానికి ఆడియో రికార్డర్
- మరాఠీ, గోండి తెలిసిన మనిషి

చివరిది మర్చిపోవద్దు. గోండి మాట్లాడే అవ్వ దగ్గరికి తెలుగులో ప్రశ్నలు మోసుకెళ్తే, ఆమె మర్యాద కోసం దేనికైనా "ఔను" అంటుంది.

ఊళ్లో ముందుగా పోలీస్ పాటిల్‌నో (మహారాష్ట్రలో ఊరి సంగతులు పోలీసులకు చేరవేసే మనిషి) సర్పంచ్‌నో కలిసి, ఎందుకు వచ్చారో చెప్పండి. కొత్త మనుషులు చేలల్లో టార్చీలతో తిరిగితే వాళ్లే మరుసటి రోజు వింత వెలుగు అవుతారు.

రాత్రిపూట ఒంటరిగా పొలానికి వెళ్లొద్దు. చంద్రపూర్ జిల్లాలో పులి అంటే కథ కాదు. గడ్చిరోలి అడవుల్లో అయితే పోలీసు డ్రోన్లు, గాలింపు చర్యలు ఉంటాయి. వాటి గురించి ఆరా తీయడం మన పని కాదు. ఒక వెలుగు భద్రతా దళాలదేమో అనిపిస్తే, నోట్‌బుక్‌లో "వివరాలు అందుబాటులో లేవు" అని రాసి ఆగిపోండి.

## 3. సాక్షితో మాట్లాడటం

ఇక్కడే అరవై పాళ్ల పని. నేను మొదటిసారి వెళ్లినప్పుడు చేసిన తప్పు చెబుతాను. ఐదుగురు ఒక వేపచెట్టు కింద కూర్చుని ఉంటే వెళ్లి, "డ్రోన్ లాంటిదేనా కనిపించింది?" అని అడిగాను. ఒకాయన "అట్లనే ఉంది" అన్నాడు. ఐదు నిమిషాల్లో ఐదుగురూ డ్రోన్ చూశారు. అందులో ఒకామె ఆ రాత్రి అసలు ఊళ్లోనే లేదని తర్వాత తెలిసింది. ఆ విచారణ అక్కడితో పాడైపోయింది, మళ్లీ బాగుచేసే దారి లేదు.

వరస:

1. సాక్షులను విడివిడిగా కలవండి. వీలైతే ఒకే రోజు.
2. యూఎఫ్‌ఓ, డ్రోన్, ఎగిరే పళ్లెం, దయ్యం అనే మాటలు మీ నోట రాకూడదు. వాళ్లు ఏ మాట వాడితే అదే వాడండి. పెద్దవాళ్లు "కొరివిదెయ్యం" అంటే మీరూ అదే అనండి.
3. మొదటి ప్రశ్న ఒక్కటే: "బాపూ, ఆ రోజు పొద్దుగూకినప్పటి నుంచి ఏం చేశావో మొదట్నుంచి చెప్పవా?" ఆయన చెబుతుంటే అడ్డు రావద్దు.
4. అయ్యాక బొమ్మ గీయించండి. చెట్లు, కరెంటు స్తంభం, ఇల్లు కూడా గీయమనండి.
5. గడియారం టైము అడగొద్దు. "ఏ బస్సు పోయింది? టీవీలో ఏం వస్తోంది? వంట అయిందా?" అని అడగండి.
6. అదే చోట, అదే వేళకు, వాళ్లను నిలబెట్టి చూపించమనండి.

ఒక కిటుకు ఇక్కడే చేసుకోవాలి. సాక్షులు చెప్పిన వాటిలో ఒక చిన్న వివరం, ఉదాహరణకు వెలుగు ఆరిపోయే ముందు రంగు మారిందన్న సంగతి, మీ దగ్గరే దాచుకోండి. ఎవరికీ చెప్పొద్దు, వాట్సాప్‌లో పెట్టొద్దు. దాని అవసరం 8వ అంచెలో వస్తుంది.

## 4. చేత్తో కొలవండి

"ఎంత పెద్దగా ఉంది?" అంటే "బస్సంత" అంటారు. ఈ జవాబుకు విలువ లేదు. దూరం తెలియకుండా సైజు తెలియదు. 50 మీటర్ల దూరంలో ఉన్న పావు మీటరు బెలూన్, 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న 50 మీటర్ల వస్తువు కంటికి సరిగ్గా ఒకేలా కనిపిస్తాయి.

కాబట్టి కోణం కొలవాలి. చెయ్యి పూర్తిగా చాపితే చిటికెన వేలి వెడల్పు దాదాపు 1 డిగ్రీ, పిడికిలి 10 డిగ్రీలు. నిండు చందమామ అర డిగ్రీయే. చిటికెన వేలితో మూసుకుపోతుంది, కావాలంటే ఈ రాత్రే చూడండి. చెట్ల వరస మీద ఎన్ని పిడికిళ్ల ఎత్తులో ఉంది, ఏ దిక్కున మొదలై ఏ దిక్కున పోయింది అనేవి రాసుకోండి.

రెండో ఊరి సాక్షి దొరికితే మీ పంట పండినట్టే. రెండు ఊళ్ల మధ్య 10 కి.మీ. ఉందనుకుందాం. వెలుగు ఆ రెండింటినీ కలిపే గీతకు అడ్డంగా ఉన్న దిక్కున ఉంది. ఇద్దరూ చూపిన దిక్కుల్లో 10 డిగ్రీల తేడా ఉంటే దూరం సుమారు 57 కి.మీ. లెక్క సులువు: ఊళ్ల మధ్య దూరాన్ని 57తో హెచ్చించి, తేడా డిగ్రీలతో భాగించండి. తేడా అసలే కనబడకపోతే అది చాలా దూరం, గ్రహమో ఉపగ్రహమో. పక్క ఊళ్లో ఎవరికీ కనబడకపోతే చాలా దగ్గర, చాలా కింద. మోసం చేసేవాళ్ల వస్తువులు దాదాపు అన్నీ ఈ రెండో రకం.

దిక్సూచి ఐదు పది డిగ్రీలు తప్పు చూపించొచ్చు. అందుకే "సెల్ టవర్‌కు రెండు వేళ్లు ఎడమ పక్కన" లాంటి గుర్తు మేలు. ఇంటికొచ్చాక ఉపగ్రహ పటం మీద గీత గీసుకోవచ్చు.

## 5. ఆకాశం హాజరు పట్టీ

సాక్షి చెప్పిన తేదీ, వేళ యాప్‌లో పెట్టి, కింది వాటిని ఒక్కొక్కటిగా కొట్టేయండి.

- రోజూ అదే వేళకు, అదే దిక్కున ఉంటే: గ్రహం, ముఖ్యంగా శుక్రుడు. చీకట్లో ఒంటరి చుక్కను తదేకంగా చూస్తే అది కదులుతున్నట్టే ఉంటుంది. కరెంటు తీగ పక్కన పెట్టి చూడమనండి.
- మిణుకు లేకుండా పడమటి వైపు నుంచి తూర్పు వైపుకు వెళ్లి, నడి ఆకాశంలో మాయమైతే: భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. ఐదారు నిమిషాలకు మించి ఉండదు. భూమి నీడలోకి వెళ్లగానే ఆరిపోతుంది.
- పూసల దండలా వరసగా వెళ్తే: స్టార్‌లింక్ ఉపగ్రహాలు. ప్రయోగం అయిన కొద్ది రోజుల్లో, చీకటి పడ్డ కాసేపటికి, లేదా తెల్లారేముందు.
- కదలకుండా నిలిచి, తర్వాత ఒక్కసారి పక్కకు తిరిగితే: మనకు ఎదురుగా వస్తున్న విమానం. నాగ్‌పూర్ దగ్గరే ఉంది.
- మబ్బు మీద గుండ్రంగా తిరిగే తెల్లటి మచ్చలు: పెళ్లిళ్లలో డీజేవాళ్లు పెట్టే షార్పీ లైట్లు. పాట ఆగగానే ఇవీ ఆగుతాయి.
- ఎర్రటి దీపాలు ఒకే చోట ఆరి వెలగడం: థర్మల్ కేంద్రం చిమ్నీలు, టవర్లు.
- నారింజ రంగు వెలుగులు ఒకే చోటు నుంచి ఒకదాని వెనక ఒకటి లేచి, గాలివాటున పోయి, ఒక్కొక్కటే ఆరిపోతే: కాగితపు ఎగిరే దీపాలు. ఆ రోజు గాలి దిక్కు చూడండి.
- జాతరలో అమ్మే, రబ్బరుతో పైకి వదిలే ఎల్ఈడీ బొమ్మలు. సంక్రాంతికి దీపాలు కట్టిన గాలిపటాలు.
- పత్తికి, మిర్చికి మందు కొట్టే డ్రోన్లు. కొందరు ఎండ తగ్గాక ఎగరేస్తారు.

విమానాల యాప్‌లో కనబడలేదు కాబట్టి విమానం కాదు అనుకోవద్దు. సైనిక విమానాలు చాలావరకు అందులో రావు. పాత రోజుల రికార్డు కూడా ఉచితంగా కొద్ది రోజులే ఉంటుంది. ఫోన్ వచ్చిన రోజే చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

## 6. ఏదైనా కింద పడితే

2022 ఏప్రిల్ 2, ఉగాది రోజు. రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో మహారాష్ట్ర ఆకాశంలో నిప్పులు చిమ్ముతూ వెలుగులు సాగిపోయాయి. చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకా లాడ్‌బోరి ఊరి దగ్గర పెద్ద లోహపు చుట్టు పడింది. దాదాపు 3 మీటర్ల వ్యాసం, 40 కిలోలకు పైగా బరువు. పక్క ఊళ్లలో లోహపు గోళాలు కూడా దొరికాయి.

ఆ రాత్రి "ఎవడో గ్రాఫిక్స్ చేశాడు" అని కొట్టిపారేసినవాళ్లను నేనెరుగుదును. ఊరివాళ్లు చెప్పింది అక్షరాలా నిజమైంది. మరుసటి రోజు వచ్చిన శాస్త్రీయ వివరణ కూడా మొదట్లో గురి తప్పింది. అదే రోజు న్యూజిలాండ్ నుంచి వెళ్లిన రాకెట్ బూస్టర్ అయ్యుంటుందన్నారు, వేళ దగ్గరగా కుదిరింది కాబట్టి. హార్వర్డ్-స్మిత్‌సోనియన్ ఖగోళ శాస్త్రవేత్త జోనాథన్ మెక్‌డోవెల్ లెక్క ప్రకారం అది 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ భాగం. వేళ కుదిరితే సరిపోదు, దారి కూడా కుదరాలి.

మనవైపు పడే ఇంకో రకం వస్తువు: హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి ఎగరేసే పెద్ద పాలిథిన్ బెలూన్ల పరికరాలు. ఇవి రంగురంగుల పారాచూట్లతో దిగుతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో పొలంలో దిగిన పెద్ద డబ్బా కూడా ఇలాంటిదే, ఒక స్పెయిన్ కంపెనీ ప్రయోగం కోసం అక్కడి నుంచే ఎగిరింది. ఊరంతా గ్రహాంతర నౌక చూడ్డానికి పోయింది.

చేయాల్సినవి:

- ముట్టుకోవద్దు. రాకెట్ ట్యాంకుల్లో విష ఇంధనం మిగిలి ఉండొచ్చు.
- దూరం నుంచి, పక్కన తెలిసిన వస్తువు కనిపించేలా ఫొటో తీయండి.
- పడ్డచోట గుంట, కాలిన గడ్డి, విరిగిన కొమ్మలు ఉన్నాయా చూడండి. ఆకాశం నుంచి పడిందంటున్న 40 కిలోల ఇనుము కింద పచ్చగడ్డి నిగనిగలాడుతుంటే ఎవరో తెచ్చి పెట్టారు.
- పోలీసు పాటిల్‌కు, తహసీల్ కార్యాలయానికి చెప్పండి.
- ఇంటికి తీసుకుపోవద్దు. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం రాకెట్ ముక్క కిందపడ్డా ప్రయోగించిన దేశం సొత్తే.

## 7. వీడియోను విప్పడం

ఫార్వర్డ్ అయిన వీడియోతో పని మొదలుపెట్టొద్దు. తీసినవాడి ఫోన్‌లో ఉన్న అసలు ఫైలు కావాలి. అది కూడా వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, తీసిన వేళ, చోటు లాంటి సమాచారం ఊడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా ఫోన్ నుంచే నకలు తీసుకోండి.

ఫైలు పేరులో వీఐడీ తర్వాత తేదీ, దాని తర్వాత డబ్ల్యూఏ అని ఉంటే అది వాట్సాప్ పెట్టిన పేరు. ఆ తేదీ వీడియో వాట్సాప్‌లో వచ్చిన రోజుది, తీసిన రోజుది కాదు. ఈ ఒక్క గుర్తుతో ఎన్నో "నిన్న రాత్రి" వీడియోలు మూడేళ్ల కిందటివని బయటపడ్డాయి.

తర్వాత:

- నాలుగైదు ఫ్రేములు స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి.
- కళ్లు మూసుకుని శబ్దం వినండి. మన ఊరి వీడియో అన్నదానిలో వెనక మాటలు ఏ భాషలో ఉన్నాయి? కప్పలు, కీచురాళ్లు ఆ కాలానివేనా?
- వీధిదీపం ఉన్నచోటికి సరిగ్గా ఎదురు మూలలో వెలుగు ఉండి, ఫోన్ కదిలినప్పుడల్లా అది ఎదురు దిక్కుకు జరుగుతోందా? అది లెన్స్‌లో పడ్డ దీపం ప్రతిబింబం.
- జూమ్ చేసేకొద్దీ చుక్క పెద్ద పళ్లెంలా మారిందా? ఫోకస్ తప్పింది, అంతే.
- వీడియో వెలుగు ఉన్నప్పుడే మొదలై, అది పోకముందే ఆగిందా? ముందూ వెనకా ఏముందో అడగండి.

కృత్రిమ మేధతో చేసిన వీడియోలు ఇప్పుడు కంటికి దొరకవు. అక్కడ కళ్లను నమ్ముకోకుండా మళ్లీ 3వ అంచెకు పోవాలి. తీసిన చోటికి వెళ్లి, అదే కోణంలో మీ ఫోన్ పట్టుకుని నిలబడండి. చెట్టు, గోడ, తీగ వీడియోలో ఉన్నట్టే ఉన్నాయా? వీడియో తీసిన మనిషి ఆ చోటు చూపించలేకపోతే అక్కడే మీకు సగం జవాబు దొరికింది.

## 8. ఇప్పుడు మోసం లెక్క

పైవన్నీ అయ్యాక, ఇంకా ఏమీ అతకకపోతేనో, లేదా ఏదైనా ముల్లులా గుచ్చుకుంటేనో ఈ అంచె.

అనుమానం రేపే గుర్తులు ఇవి: అసలు ఫైలు ఇవ్వకపోవడం, చెప్పిన ప్రతిసారీ కథ పెరగడం, వేరే వేరే సాక్షుల నోట అవే వాక్యాలు రావడం, పరీక్ష అనగానే కోపం, ఘటనకు ముందే సిద్ధంగా పెట్టుకున్న కెమెరా. కానీ ప్రతిదానికీ అమాయకమైన కారణం కూడా ఉండొచ్చు. ఫైలు ఇవ్వని కుర్రాడి ఫోన్‌లో ఇంట్లోవాళ్లు చూడకూడని ఫొటోలు ఉన్నాయని ఒకసారి నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ లోపే అతన్ని పదిమందిలో నిలదీశాను. అతను ఇప్పటికీ నాతో మాట్లాడడు.

కాబట్టి గుర్తులు లెక్కపెట్టి తీర్పు ఇవ్వొద్దు. మోసం అనడానికి సొంత సాక్ష్యం కావాలి: కాలిన తీగ చట్రం, బెలూన్ తాడు, కొన్న దుకాణం బిల్లు, తయారు చేస్తుండగా తీసిన ఫొటో, లేదా ఒప్పుకోలు.

"ఇంత పెద్దది ఇద్దరు కుర్రాళ్లు ఎలా చేస్తారు?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. చేస్తారు. 2009 జనవరిలో అమెరికాలోని న్యూజెర్సీలో ఇద్దరు యువకులు హీలియం బెలూన్లకు మంటపుల్లలు కట్టి వదిలారు. టీవీలు, యూఎఫ్‌ఓ నిపుణులు వారాల తరబడి చర్చించారు. ఏప్రిల్ 1న వాళ్లే వీడియోలతో సహా బయటపెట్టారు. కోర్టు 250 డాలర్ల జరిమానా, 50 గంటల సమాజ సేవ విధించింది. 1967 సెప్టెంబరు 4న దక్షిణ ఇంగ్లండ్‌లో ఒకే వరసలో ఆరు చోట్ల ఆరు "పళ్లేలు" దొరికాయి. పోలీసులు, సైన్యం పరుగులు పెట్టారు. చేసింది ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థలో శిక్షణ పొందుతున్న కుర్రాళ్లు, విరాళాల వారోత్సవం కోసం.

తిరిగి చేసి చూడటం మంచి పరీక్ష. గాలిపటానికి చిన్న ఎల్ఈడీ కట్టి, అదే చోట ఎగరేసి, అదే ఫోన్‌తో తీయండి. నిప్పుతో మాత్రం వద్దు. వేసవిలో మన పత్తి కట్టెలు, అడవి ఎలా అంటుకుంటాయో చెప్పక్కర్లేదు. మీ వీడియో అసలుదానిలాగే వచ్చిందనుకోండి. ఇలా చేయడం సాధ్యమని తెలిసింది, ఆ రాత్రి ఇలాగే చేశారని తేలలేదు. నివేదికలో ఈ రెంటినీ కలిపేస్తుంటారు, జాగ్రత్త.

ఎవరైనా "నేనే చేశా" అని వస్తే ఎగిరి గంతేయొద్దు. పేరు కోసం ఉత్తుత్తిగా ఒప్పుకునేవాళ్లూ ఉంటారు. మీరు దాచుకున్న ఆ చిన్న వివరం ఇప్పుడు పనికొస్తుంది. రంగు ఎప్పుడు మారిందో అతను తనంతట తాను చెప్పాలి. లేదా మీ ముందు మళ్లీ చేసి చూపించాలి.

## 9. డబ్బు మాట వచ్చిందా, అక్కడే ఆగండి

మన సరిహద్దు ఊళ్లలో ఆకాశం పేరు చెప్పి చేసే మోసాల్లో బాగా ప్రమాదకరమైంది రైస్ పుల్లర్. పిడుగు పడ్డ రాగి చెంబుకో, ఆకాశం నుంచి రాలిన లోహానికో బియ్యపు గింజలను లాగే శక్తి ఉందంటారు. నాసానో ఇస్రోనో కోట్లకు కొంటుందంటారు. "పరీక్ష ఖర్చు" కింద ముందు కొంత కట్టమంటారు. బియ్యానికి ఇనుప రజను పట్టించి, చెంబులో అయస్కాంతం దాస్తారు.

2018లో ఢిల్లీ పోలీసులు ఇలాంటి కేసులో తండ్రీ కొడుకులను అరెస్టు చేశారు. ఒక వ్యాపారి రూ. 1.43 కోట్లు పోగొట్టుకున్నాడు. శాస్త్రవేత్తల వేషంలో మెరిసే రక్షణ సూట్లు కూడా తొడుక్కుని వచ్చారు.

అప్పటికప్పుడు చేయగల పరీక్ష: మీ ఇంటి నుంచి మీ బియ్యం తీసుకెళ్లండి. వాళ్ల బియ్యం దగ్గర మామూలు అయస్కాంతం పెట్టి చూడండి. సాధారణంగా వ్యవహారం అక్కడే ముగుస్తుంది, ఎందుకంటే మీ బియ్యాన్ని వాళ్లు ముట్టనివ్వరు.

ఇంకో రకం: వెలుగు కనిపించాక ఎవడో వచ్చి ఇది ఫలానా ఆవిడ చేతబడి అని చెప్పి పూజలకు డబ్బు లాగడం. ఇది యూఎఫ్‌ఓ విచారణ పరిధి దాటిపోయింది. ఆమె ప్రాణానికే ముప్పు. మహారాష్ట్రలో దీనికి 2013 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. నోట్‌బుక్ మూసి నేరుగా పోలీసులకు చెప్పండి.

## 10. రహస్య కాగితాలు, అధికారుల సాకులు

"ప్రభుత్వమే దాస్తోంది" అనేవాళ్లను వెటకారం చేయొద్దు. ఒక్కోసారి నిజంగానే దాస్తుంది. అమెరికా యూ-2 గూఢచారి విమానం 60,000 అడుగులకు పైన ఎగిరేది. సాయంత్రం కింద చీకటి పడ్డాక కూడా దాని రెక్కల మీద ఎండ పడి మెరిసేది. 1950ల చివర్లో, 1960లలో వచ్చిన యూఎఫ్‌ఓ ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇలాంటి రహస్య విమానాలవేనని 1997లో వెలువడిన సీఐఏ చరిత్ర అధ్యయనం అంచనా వేసింది. అప్పట్లో జనానికి మంచు పలుకులు, గాలి పొరల్లో వేడి తారుమారు కావడం అని చెప్పి పంపారు. ఆ అంచనా మరీ ఎక్కువని వాదించినవాళ్లూ ఉన్నారు. అంకెతో పేచీ పెట్టుకున్నా, సాకు చెప్పిన మాట వాస్తవం.

ఇంకా దారుణం పాల్ బెన్నెవిట్జ్ ఉదంతం. న్యూ మెక్సికోలో వైమానిక స్థావరం పక్కన ఉండి వింత సంకేతాలు పట్టానన్న వ్యాపారి ఆయన. ఆయనకు తప్పుడు సమాచారం అందించడంలో తనకు భాగముందని యూఎఫ్‌ఓ పరిశోధకుడు విలియం మూర్ 1989లో సభలో ఒప్పుకున్నాడు. బెన్నెవిట్జ్ మానసికంగా చితికిపోయాడు.

కాగితం చేతికి వస్తే అడగాల్సినవి రెండే: ఎవరి చేతి నుంచి వచ్చింది, అసలు ప్రతి ఎక్కడుంది? అమెరికా ప్రభుత్వపు రహస్య యూఎఫ్‌ఓ కమిటీవని చెప్పే, ప్రఖ్యాతి పొందిన మెజెస్టిక్-12 పత్రాలు 1984లో పేరులేని కవరులో, కడగని ఫిల్మ్ రూపంలో వచ్చాయి. అసలు ప్రతి ఎన్నడూ కనబడలేదు. ఎఫ్‌బీఐ తన నకలు మీద "బోగస్" అని రాసి పెట్టింది.

మన దగ్గర అధికారిక జవాబు కావాలంటే సమాచార హక్కు కింద రూ. 10తో దరఖాస్తు పెట్టొచ్చు, గడువు 30 రోజులు. దేశ భద్రత పేరుతో 8వ సెక్షన్ కింద కాదనొచ్చు. కాదన్నారంటే ఏదో ఉన్నట్టేనని మాత్రం రాయొద్దు.

## 11. మిమ్మల్నే బుట్టలో వేస్తున్నారేమో

1970 మార్చి 28. ఇంగ్లండ్‌లో వార్మిన్‌స్టర్ దగ్గర క్రేడిల్ హిల్ మీద యూఎఫ్‌ఓ ఔత్సాహికులు కాపలా కాస్తున్నారు. దూరంగా ఇంకో గుట్ట మీద ఊదారంగు వెలుగు కనిపించింది. ఒకతను ఫొటోలు తీసి ఫిల్మ్ అక్కడికక్కడే పరిశోధకుడికి ఇచ్చేశాడు. డేవిడ్ సింప్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త బృందం వేసిన ఎత్తు అది. వెలుగు ఒక దీపం. ఫిల్మ్ మీద "వస్తువు" బొమ్మలు ముందే ఎక్కించి ఉన్నాయి.

ఆ ఫొటోలు జనం ఆ రాత్రి చూసినదానితో సరిపోలవు. ఆ తేడాలు కావాలనే వదిలారు. ఎవరూ పట్టలేదు. నిపుణులు పొగుడుతూ విశ్లేషణలు రాశారు. రెండేళ్లకు పైగా గడిచాక చేసినవాళ్లే చెప్పారు.

నేను దీన్నుంచి తీసుకున్న జాగ్రత్తలు:

- ఫొటో చూసే మనిషి, సాక్షులతో మాట్లాడే మనిషి వేరు వేరుగా ఉండాలి. ఇద్దరూ రాసింది చివర్లో పక్కపక్కన పెట్టి చూడాలి.
- అడక్కుండానే చేతికి వచ్చిన మంచి సాక్ష్యాన్ని రెట్టింపు పరీక్షించాలి.
- ఈ కేసు ఏమైతే బాగుంటుందని నాకుందో మొదటి రోజే రాసి, కవర్లో పెట్టి అంటించాలి. చివర్లో విప్పినప్పుడు కొన్నిసార్లు సిగ్గేస్తుంది.

## 12. నివేదిక

రెండు పేజీలు దాటొద్దు. తీర్పు గడిలో నాలుగే మాటలు వాడతాను: గుర్తించాం, బహుశా ఫలానా, సమాచారం చాలదు, వివరణ దొరకలేదు. "వివరణ దొరకలేదు" పక్కన ఇంకో గ్రహం పేరు రాయను.

పంపే ముందు చూసుకోండి:

- సాక్షుల పేర్లు, ఇంటి గుర్తులు తీసేశారా? చిలిపి పని చేసింది పిల్లలైతే ఊరి పేరు కూడా తీసేయండి.
- "మోసం" అనే మాట వాడారా? దాని కింద సొంత సాక్ష్యం ఉందా? లేకపోతే కొట్టేయండి.
- చూసింది, విన్నది, మీరు ఊహించింది మూడూ విడివిడిగా ఉన్నాయా?
- మీ వివరణకు అతకని వివరాలు దాచకుండా రాశారా?
- సాక్షికి ముందుగా చదివి వినిపించారా?

చివరి పని చాలామంది చేయరు. వేపచెట్టు కింద నేను పాడుచేసిన కేసు గుర్తుందా? ఆ ఊరికి ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి, నా నివేదిక చదివి వినిపించాను. అంతా విన్నాక బాపు ఒకాయన, "అది ఉత్తరం దిక్కు కాదు కదా సార్, కొట్టం అప్పుడు ఇటు ఉండె" అన్నాడు. పశువుల కొట్టాన్ని మధ్యలో జరిపారట. దిక్కు మొత్తం మారిపోయింది. ఆ కేసు ఇప్పుడు "సమాచారం చాలదు" డబ్బాలో ఉంది, పక్క ఊరి సాక్షి కోసం వెతుకుతున్నాను.